మెసేజ్‌లలోనే నడిచే టీనేజీ ప్రేమ నవలలో ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ కావాలి?

ప్రశ్న: కృష్ణలంక కలం (విజయవాడ)

అందరికీ నమస్కారం. పదిహేడేళ్ల అమ్మాయికీ అబ్బాయికీ మధ్య నడిచే ఒక సరదా ప్రేమకథను పూర్తిగా వాట్సాప్ సంభాషణల రూపంలో, అంటే కథకుడి మాట ఒక్కటి కూడా లేకుండా, చిన్న నవలగా రాసే ప్రయత్నంలో ఉన్నాను. అమ్మాయిది గుంటూరు కొరిటెపాడు, అబ్బాయిది విజయవాడ సత్యనారాయణపురం. ఒక పెళ్లి పనుల కోసం పెద్దలు పెట్టిన గ్రూపులో ఇద్దరూ చేరతారు. అమ్మాయి పెళ్లికూతురికి పిన్ని కూతురు, అబ్బాయి పెళ్లికొడుకుకు మేనమామ కొడుకు. నిశ్చితార్థం భోజనాల్లో ఆఖరి బంతికి పెరుగు చాలలేదని అబ్బాయి గ్రూపులో ఫిర్యాదు చేయడం, ఆడపెళ్లివారి తరఫున అమ్మాయి దెబ్బకు దెబ్బ జవాబివ్వడం, ఆ తగవు గ్రూపులోంచి విడి సంభాషణలోకి మారడం వరకు కథ బాగానే నడిచింది.

ఆ తర్వాత భాష దగ్గర బండి ఆగింది. ఈ వయసు పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే. ‘నువ్వు’ అనడానికి వారికి ఎన్, వీ అనే రెండక్షరాలు సరిపోతాయి. ఆ రాతను ఉన్నదున్నట్టు అచ్చు వేస్తే మా అమ్మ తరం పాఠకులు రెండో పేజీ తిప్పరు. తెలుగు లిపిలో పొందికైన వాక్యాలుగా మారిస్తే ఇద్దరూ వ్యాసరచన పోటీలో కూర్చున్నట్టు కనిపిస్తారు. పైగా ఇంగ్లీషు అక్షరాల వల్ల పుట్టే హాస్యం కూడా చేజారిపోతుంది. ఉదాహరణకు అబ్బాయి ‘మీ పాత నంబరు ఏది’ అని అడుగుతాడు. ఇంగ్లీషులో ‘ట’కూ ‘త’కూ ఒకే అక్షరం గనుక, పెళ్లిలో పాడడానికి సిద్ధమవుతున్న అమ్మాయి దానిని ‘పాట నంబరు’ అని చదువుకుని, ‘ఆరు, కానీ రెండుకు మార్చమని అడుగుతున్నాను’ అని జవాబిస్తుంది. తెలుగు లిపిలో ‘పాత’ అని స్పష్టంగా అచ్చయ్యాక ఆమె ఎందుకు పొరబడిందో పాఠకులకు ఎలా తెలుస్తుంది?

ఇంకొక ఇబ్బంది దీనికంటె పెద్దది. మొదటి నలభై పేజీలు చదివిన స్నేహితురాలు, “ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉన్నారు గానీ ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు కనబడలేదు” అన్నది. కథకుడు లేనప్పుడు మనసు మారిన క్షణాన్ని దేనితో చూపించాలి? లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో ఈ తరహా ఇంగ్లీషు నవలలు రెండు దొరికాయి. వాటిలో ఒకటి 2004లో వచ్చిన లారెన్ మైరకిల్ నవల ‘టీటీవైఎల్’. ముగ్గురు అమ్మాయిల చాటింగుతోనే మొదటి నుంచి చివరి వరకు నడుస్తుంది. ‘తర్వాత మాట్లాడతాను’ అనే మాటకు పొడి అక్షరాలే దాని పేరు. చదవడానికి హుషారుగానే ఉన్నది కానీ, ఆ పొడి అక్షరాల చమత్కారం తెలుగుకు అతకడం లేదు. మరొక దారి ఉంటే చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట నాలుగో లైను (గుంటూరు)

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని, కాబట్టి జవాబు కొంచెం పొడవైతే మన్నించండి. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాని జవాబు మన భాషలోనే సిద్ధంగా ఉన్నది.

ఇంగ్లీషులో పరిచయమైన మొదటి రోజు పిలుపూ, పదేళ్ల స్నేహం తర్వాత పిలుపూ ఒక్కటే. ఇద్దరి మధ్య దూరం తగ్గిందని చెప్పడానికి అక్కడి రచయిత ముద్దుపేర్లనో, నవ్వు ముఖాల బొమ్మలనో ఆశ్రయించవలసి వస్తుంది. మనకు ఆ అవసరం లేదు. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగడమే మన ప్రేమకథల్లో పెద్ద మలుపు, దానిని కథకుడు వచ్చి వివరించనక్కరలేదు. అయితే మీరు జాగ్రత్తగా గమనించవలసినది ఆ రెండింటి మధ్య ఉన్న సందు. ‘మీరు’ అంటే మరీ దూరంగా ఉంటుందని, ‘నువ్వు’ అంటే ఎదుటివారు ఏమనుకుంటారోనని సంకోచించే దశలో తెలుగువాడు సర్వనామాన్నే ఎగవేసి మాట్లాడతాడు. ‘భోజనం అయిందా?’ అంటాడు, ‘తిన్నారా’ అనడు, ‘తిన్నావా’ అనడు. ‘గుంటూరు రావడం ఎప్పుడు?’ అంటాడు. ‘ఫొటో పంపడం కుదురుతుందా?’ అంటాడు. క్రియకు ప్రత్యయం తగలకుండా వారం రోజులపాటు ఇద్దరూ ఇలా తప్పించుకు తిరిగారంటే, మనసులో ఏదో జరుగుతున్నదని పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. మీ నలభై పేజీలలో ఈ దశ లేకపోబట్టే మీ స్నేహితురాలికి ప్రేమ కనబడలేదని నా అనుమానం. బహుశా ఇద్దరూ మూడో రోజే ‘నువ్వు’లోకి దూకి ఉంటారు.

ఆ పైన మెట్లు ఇంకా ఉన్నాయి. మొదటి ‘నువ్వు’ కోపంలో జారిపోవాలి, వెంటనే ‘క్షమించండి’ అని వెనక్కి వెళ్లాలి. ఒకసారి ‘నువ్వు’ స్థిరపడ్డాక ఎవరైనా ‘సరేనండి, మీ ఇష్టం’ అన్నారంటే అది తగవు. ఇంగ్లీషులో ఒక పేజీ పట్టే అలకను మనం ఒక్క ‘అండి’తో రాయగలం. ‘ఏరా’ అనే పిలుపును ఎంత ఆలస్యం చేయగలిగితే అంత మంచిది.

నిరీక్షణ విషయం కూడా చెప్పాలి. మెసేజ్ నవలలో కథ సగం ఆ ఎదురుచూపులోనే ఉంటుంది. పోతన భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపిన తర్వాత పడే ఆరాటాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ‘ఘనుడా భూసురుడేగెనో’ అని మొదలయ్యే ఆ పద్యంలో, ఆయన వెళ్లాడో లేదో అన్నది మొదటి సందేహం, నడిదారిలో అలసి చిక్కుపడ్డాడేమో అన్నది రెండోది, కృష్ణుడు విని తప్పుగా తలచాడేమో అన్నది మూడోది. వాట్సాప్‌లో ఒక టిక్కు, రెండు టిక్కులు, 2014 నవంబరులో వచ్చిన నీలం టిక్కులు చెప్పేది సరిగ్గా ఈ మూడు సంగతులే కదా! నీలం పడి కూడా జవాబు రాలేదంటే అది రుక్మిణి మూడో సందేహం. (పద్యాన్ని ఇలా వాడుకున్నందుకు నా పాత విద్యార్థులెవరైనా చదువుతుంటే నవ్వుకోవచ్చు.) ఇక ఈ లేఖల పద్ధతి పరాయిదేమోనన్న శంక కూడా మీకు అక్కరలేదు. మన బాపట్లలో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ గారు శారద తన నేస్తం కల్పలతకు రాస్తున్నట్టుగా ‘శారద లేఖలు’ గృహలక్ష్మి పత్రికలో వెలువరించారు. స్త్రీల సమస్యల వంటి బరువైన సంగతులను కూడా ఆమె ఇరుగమ్మ పొరుగమ్మకు చెప్పే కబురులా మార్చగలిగారు. మీరు మోసేది పెరుగు గిన్నె మాత్రమే.

జవాబు: ముగ్గురు ఆడపడుచుల వదిన (విజయవాడ, వన్‌టౌన్)

మాస్టారు సాహిత్యం చెప్పారు, నేను సంసారం చెబుతాను. మీ కథలో వరస తప్పింది. పిన్ని కూతురు పెళ్లికూతురికి చెల్లెలు. మేనమామ కొడుకు పెళ్లికొడుకుకు బావో బావమరిదో అవుతాడు. మొగుడి బావమరిదిని ఏ ఇల్లాలైనా అన్నయ్యా అనో తమ్ముడూ అనో పిలుస్తుంది, పెళ్లికూతురికి అన్నదమ్ముడి వరస అయినవాడు ఆమె చెల్లెలికీ అంతే. మీరు అన్నాచెల్లెళ్ల వరసకు ప్రేమకథ రాస్తున్నారు, మా ఇళ్లలో ఈ పుస్తకం మూడో పేజీ దాటదు!

అబ్బాయిని పెళ్లికొడుకు పెదనాన్న కొడుకుగా మార్చేయండి. అప్పుడు పెళ్లికొడుకుకు తమ్ముడవుతాడు, వదినగారి చెల్లెలు అతనికి మరదలి వరస అవుతుంది. లేదా ఆ పొరపాటును కథలోనే ఉంచండి. గ్రూపులో ఎవరో బాబాయి అబ్బాయిని పొరపాటున మేనమామ కొడుకని పరిచయం చేస్తాడు, అమ్మాయి రాత్రంతా వేళ్ల మీద వరసలు లెక్కపెట్టుకుని పొద్దున్నే ‘అన్నయ్యగారూ’ అని మెసేజ్ పెడుతుంది. ఆ ఒక్క పిలుపుతో అబ్బాయికి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? తరవాత అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లో అసలు వరస తేల్చాలి. మా అత్తగారు అలాంటి మెసేజ్ పెడితే నాలుగు నిమిషాలకు తక్కువ ఉండదు, అందులో మూడు నిమిషాలు పక్కింటివారి సంగతి.

జవాబు: ఆదివారం అవుటింగ్ (గుంటూరు)

అక్కా, నేను ఈ ఏడాదే డిగ్రీలో చేరాను, అంతకుముందు రెండేళ్లు ఇంటర్మీడియట్ హాస్టల్‌లో ఉన్నాను. మీ కథలో ఇద్దరూ రోజంతా మాట్లాడుకుంటున్నారని చదివినప్పుడు నాకు మొదట వచ్చిన సందేహం, వారికి ఫోన్లు ఎవరిచ్చారన్నదే. మన రెండు ఊళ్లలోనూ ఇంటర్మీడియట్ చదివేవారిలో చాలామంది హాస్టళ్లలో ఉంటారు, అక్కడికి ఫోను తీసుకువెళ్లడం కుదరదు. ఉదయం స్టడీ అవరుతో మొదలై రాత్రి స్టడీ అవరుతో ముగిసే రోజులో మెసేజ్‌లకు చోటే లేదు. కాబట్టి ఇద్దరిలో ఒకరినైనా హాస్టల్‌లో పెట్టండి. అప్పుడు కథ దసరా సెలవులలో నిండుగా, సంక్రాంతి సెలవులలో ఇంకా నిండుగా నడుస్తుంది, మధ్యలో నెలల తరబడి నిశ్శబ్దం ఉంటుంది. ఆ ఖాళీలో అబ్బాయి ఒక్కడే పంపిన మెసేజ్‌లు వరసగా, ఒకే టిక్కుతో, జవాబు లేకుండా నిలబడి ఉంటే మీరు విరహం గురించి ఒక్క మాట కూడా రాయనక్కరలేదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉండనే ఉంటాయి, ముగింపుకు మీరు వేరే అవాంతరం కల్పించే పని లేదు.

ఇంటికి వచ్చినప్పుడు కూడా మాలో చాలామందికి సొంత ఫోను ఉండదు, అమ్మ ఫోనే వాడుకుంటాము. దీనివల్ల ఎన్ని తంటాలు వస్తాయో పెద్దవారికి తెలియదు. అవతలివారికి ‘ఆన్‌లైన్’ అని కనబడేది మేము కాదు, సీరియల్ అయిపోయాక ఫోను పట్టుకున్న అమ్మ. ఫొటో మాది కాదు, తిరుమలలో తీసుకున్న కుటుంబం ఫొటో. మాట్లాడుతున్నది ఎవరో రాతను బట్టి కనిపెట్టాలి. అమ్మ అయితే ప్రతి వాక్యానికీ చుక్క పెడుతుంది, ఏది రాసినా చివర దండం బొమ్మ తప్పదు. పేరు చెప్పకుండానే ఎవరి వేలు టైపు చేస్తున్నదో పాఠకులు గుర్తుపట్టే ఆట ఇది, కథకుడు లేని నవలకు ఇంతకంటే మంచి ఆట దొరకదని నాకనిపిస్తున్నది.

పాత, పాట సంగతి సులభంగానే తీరుతుంది. ఇప్పుడు ఫోను కీబోర్డులలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాటలుగా మారే సదుపాయం ఉంది, మా బాబాయిలూ పిన్నులూ దానినే వాడతారు. మీ అబ్బాయికి ఆ అలవాటు పెట్టండి. అతను ‘పాత’ కొడతాడు, కీబోర్డు దానిని ‘పాట’ చేస్తుంది, అతను చూసుకోకుండా పంపిస్తాడు. పుస్తకంలో ‘మీ పాట నంబరు ఏది?’ అని తెలుగులోనే అచ్చవుతుంది, ఆమె ‘ఆరు’ అంటుంది, అతను ‘పాత! పాత నంబరు!’ అని గింజుకుంటాడు. మొత్తం సంభాషణ తెలుగు లిపిలో ఉండడానికి కూడా కారణం దొరికింది కదా. అమ్మాయి తెలుగు లిపిలో ఎందుకు రాస్తున్నదంటే, అమ్మ ఫోనులో ఉన్నది అదే కీబోర్డు కాబట్టి.

ఇంకొకటి. మా గుంటూరు వైపు ‘ఏంది’ అంటాము, విజయవాడవారు ‘ఏంటి’ అని మమ్మల్ని వెక్కిరిస్తారు. మొదటి అధ్యాయాలలో అబ్బాయి ఆ ‘ఏంది’ని పట్టుకుని ఏడిపించాలి. ఎక్కడో నూట పదో పేజీలో అతనే తెలియకుండా ‘ఏంది ఇంకా నిద్రపోలేదు?’ అని రాసేస్తాడు. అమ్మాయి ఆ మాటను మాత్రమే వెనక్కి పంపుతుంది, వ్యాఖ్య ఏమీ ఉండదు. అలాగే తుడిచేసిన మెసేజ్‌లను మరచిపోకండి. అందరికీ కనబడకుండా తొలగించే వీలు 2017లోనే వచ్చింది, కానీ ఏదో తొలగించారన్న గుర్తు మాత్రం మిగిలిపోతుంది. ‘ఏం రాసి తీసేశారు?’ అన్న ప్రశ్న చుట్టూ ఒక అధ్యాయం నడపవచ్చు, చివరికి అది పెరుగు గురించే అని తేలినా సరే.

జవాబు: డీటీపీ మేస్త్రి (విజయవాడ, గవర్నరుపేట)

మీరంతా రాయడం గురించి చెప్పారు, అచ్చు వేసేవాడి బాధ కూడా వినండి. లేఖల రూపంలో ‘పమేలా’ నవలను 1740లో ప్రచురించిన ఇంగ్లీషు రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ స్వయంగా ముద్రాపకుడే, కాబట్టి ఈ చర్చలో మా వృత్తికి కూడా కొంత హక్కున్నది.

ఫోనులో ఉన్నట్టు రంగు బుడగలు కావాలని మీలాంటి రచయితలు అడుగుతారు. నలుపు అచ్చులో వాటికి బూడిద రంగు తెర వేయవలసి వస్తుంది, చవక కాగితం మీద ఆ తెర మీది అక్షరాలు మసకబారతాయి. బుడగలు మానేయండి. ఒకరి మాటలు ఎడమ అంచుకు, రెండోవారి మాటలు కొంచెం లోపలికి జరిపి పెడితే చాలు, పది పేజీలలో కన్ను అలవాటు పడుతుంది. సమయాన్ని ప్రతి మెసేజ్ కింద వేయవద్దు. ‘రాత్రి 11.40’ తర్వాత ‘తెల్లవారుజాము 4.15’ అని పడితే ఆ రెండింటి మధ్య జాగారం పాఠకులకు తెలుస్తుంది, అదే సమయం ప్రతి వరసకూ ఉంటే రైల్వే టైంటేబుల్ అవుతుంది. గ్రూపు సంభాషణలో మాత్రం పేర్లు తప్పవు.

మీరు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో కనబడే తెలుగు అక్షరాల్లో, టైపు చేసి పంపిస్తే మా దగ్గర చాలామంది ఇంకా దానిని అచ్చు పనికి వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కడతారు. ఆ మార్పిడిలో నవ్వు బొమ్మలన్నీ ఎగిరిపోతాయి, వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తాయి. నిజంగా అవసరమైన నాలుగైదు బొమ్మలను ఎంచుకుని విడిగా చిత్రాలుగా ఇవ్వండి, మిగిలినవి మాటలతో తేల్చండి. చిన్న చిన్న వరసల వల్ల పేజీలు పెరుగుతాయన్న సంగతి కూడా ముందే లెక్క వేసుకోవాలి. మామూలు వచనంలో పది ఫారాలకు, అంటే డెమ్మీ సైజు పుస్తకంలో నూట అరవై పేజీలకు సరిపోయే కథ ఈ పద్ధతిలో ఎక్కడ ఆగుతుందో చెప్పలేము.

జపానులో 2007లో బాగా అమ్ముడైన పది నవలల్లో అయిదు మొదట ఫోనులో వెలువడినవే. అవి ఫోను మీద రాసిన కథలే తప్ప మీరు రాస్తున్నట్టు మెసేజ్‌ల రూపంలో ఉన్నవి అని కాదు, కానీ ముందు ఫోనులో విడతలుగా చదివించి తర్వాత పుస్తకం వేయడం నష్టం లేని పని అని చెప్పడానికి ఆ సంగతి ఎత్తాను. మరొక చిన్న మాట: పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారని అందరూ విసుక్కుంటారు. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పట్టేవి, తెలుగు లిపిలో 70 మాత్రమే పట్టేవి, అది కూడా తెలుగు అక్షరాలు చూపగల ఫోను చేతిలో ఉంటే. డబ్బులిచ్చి మెసేజ్ పంపిన మా తరమే ఆ అలవాటు మొదలుపెట్టింది.

ప్రశ్న అడిగినవారు: కృష్ణలంక కలం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు, మీ అనుమానం నిజమే. తీసి చూసుకుంటే నా పిల్లలిద్దరూ మూడో రోజు కూడా కాదు, రెండో రోజు సాయంత్రానికే ‘నువ్వు’లోకి దిగిపోయారు. ఆ నలభై పేజీలనూ మళ్లీ రాస్తున్నాను, సర్వనామం లేకుండా పదకొండు పేజీలు లాగగలిగాను. రాయడానికి ఇంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు, ‘మీ చెల్లి’ అనాలా ‘నీ చెల్లి’ అనాలా అన్న చోట చిక్కుపడి అబ్బాయి చేత ‘ఇంట్లో చిన్నవాళ్లు’ అనిపించాను. వదిన గారూ, అబ్బాయి పెదనాన్న కొడుకయ్యాడు, కానీ ‘అన్నయ్యగారూ’ అధ్యాయం మాత్రం వదులుకోను. మేస్త్రి గారూ, బుడగలు తీసేశాను, బొమ్మల్లో దండం ఒక్కటి తప్పనిసరి.

మాస్టారు మొదటి ‘నువ్వు’ కోపంలో జారాలన్నారు, హాస్టల్ చెల్లెలు అమ్మ ఫోను గురించి చెప్పింది. రెండూ కలిసి నిన్న రాత్రి ఒక చోట ముడిపడ్డాయి. పన్నెండో పేజీలో, రాత్రి పదింటికి, అమ్మాయి నుంచి అబ్బాయికి ‘తిన్నావా.’ అని మెసేజ్ వస్తుంది. మొదటిసారి ‘నువ్వు’ రూపం. అబ్బాయి రెండుసార్లు ఏదో రాసి తొలగిస్తాడు, మూడోసారి ధైర్యం చేసి ‘తిన్నాను, నువ్వు?’ అంటాడు. నీలం టిక్కులు పడతాయి. చాలాసేపటికి జవాబు వస్తుంది: ‘నేను వాళ్ల అమ్మను బాబూ. మొన్న పెరుగు చాలలేదన్నది నువ్వేనా.’ కింద దండం బొమ్మ.